చలి యంత్రమా, లేజర్ బల్లా: క్వాంటమ్ హార్డ్‌వేర్ పరిశోధనలోకి వెళ్లేవారు దేన్ని ఎంచుకోవాలి?

గత నెలలో మా అన్నయ్య కూతురు ఫోను చేసింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉంది. క్వాంటమ్ కంప్యూటర్లను తయారుచేసే పరిశోధనలోకే వెళ్లాలని గట్టిగా అనుకుంటోంది. కాగితం మీద నిలువుగీత గీసి రెండు వరుసలు రాసుకుందట. క్వాంటమ్ కంప్యూటర్ లెక్క చేసే అతిచిన్న మూలకమే క్యూబిట్. ఒకవైపు అతివాహక క్యూబిట్లు (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు పారే లోహంతో చేసినవి), వాటి కింద ఐబీఎం హెరాన్ చిప్‌లోని 156. మరోవైపు అయాన్ క్యూబిట్లు (విద్యుదావేశమున్న ఒక్కో పరమాణువే ఒక్కో క్యూబిట్), వాటి కింద క్వాంటిన్యూమ్ సంస్థ 2025 నవంబరులో విడుదల చేసిన హీలియోస్ యంత్రంలోని 98. "సంఖ్య ఎక్కువున్న వైపు వెళ్లడమే కదా బాబాయ్ తెలివైన పని?" అని అడిగింది.

ముందు ఆ సంఖ్యలు కొట్టేయమన్నాను. 2023 డిసెంబరులో ఐబీఎం 1,121 క్యూబిట్ల కాండర్ చిప్‌ను చూపించింది. దాంతోపాటే 133 క్యూబిట్ల తొలి హెరాన్‌ను కూడా చూపించింది. తర్వాతి యంత్రాలకు చిన్నదాన్నే ఎంచుకుంది, అందులో తప్పులు తక్కువ గనుక. చిప్ చేసినవాళ్లే పక్కన పెట్టిన కొలబద్దతో ఇరవై రెండేళ్ల అమ్మాయి తన రాబోయే పదేళ్లను కొలుచుకోవడం ఎందుకు?

నేను పదిహేనేళ్లుగా అతివాహక చిప్‌లతో వేగుతున్నవాడిని. కాబట్టి నా మాటలో కొంత సొంతవాళ్ల పక్షపాతం ఉంటుంది, తీసేసి చదువుకోండి. అయితే ఎవరు అడిగినా నేను చెప్పే కొలబద్ద ఒకటే: మీరు చేసిన తప్పు మీకు తెలియడానికి ఎన్ని రోజులు పడుతుంది? హార్డ్‌వేర్ పరిశోధకుడి రోజుల్లో ఎక్కువ భాగం ఏదో ఒకటి పనిచేయకపోవడంతోనే గడుస్తుంది. పనిచేయలేదన్న సంగతి సాయంత్రానికే తెలిసే పని ఒక రకం మనిషికి సరిపోతుంది, నెల తర్వాత తెలిసే పని ఇంకో రకం మనిషికి సరిపోతుంది. ఒకరి పనిలో మరొకరు పడితే ఐదేళ్ల పీహెచ్‌డీ ఐదేళ్ల శిక్షే.

అతివాహక క్యూబిట్లు: నెలకో దోసె

పెనం మీద మొదటి దోసె పాడైతే రెండోది నిమిషంలో వేసుకుంటాం. అతివాహక ల్యాబ్‌లో రెండో దోసెకు నెల పడుతుంది.

సిలికాన్ పలక మీద ఎలక్ట్రాన్ పుంజంతో నమూనా గీస్తారు. వాక్యూమ్ ఛాంబర్‌లో ఒక కోణంలో అల్యూమినియం పూత పూస్తారు. లోపలికి కాస్త ఆక్సిజన్ వదిలి, ఒకటి రెండు నానోమీటర్ల మందం ఆక్సైడ్ పొర పట్టనిచ్చి, మరో కోణంలో మళ్లీ అల్యూమినియం పూస్తారు. రెండు లోహపు పొరల మధ్య చిక్కుకున్న ఆ సన్నని ఆక్సైడే జోసెఫ్‌సన్ జంక్షన్. ఈ క్యూబిట్‌కు ప్రాణం అక్కడే ఉంటుంది. తర్వాత అసిటోన్‌లో నానబెట్టి అక్కర్లేని లోహాన్ని వదిలించి, చిప్‌ను కోసి, పెట్టెలో బిగించి, సన్నని తీగలు అతికించి, డైల్యూషన్ ఫ్రిజ్‌లో వేలాడదీస్తారు. హీలియం-3, హీలియం-4 మిశ్రమంతో నడిచే ఆ ఫ్రిజ్ నక్షత్రాల మధ్య ఉండే ఖాళీ కన్నా చల్లగా, 10 మిల్లీకెల్విన్ల చేరువకు దిగడానికి రెండు మూడు రోజులు తీసుకుంటుంది. చిప్ బాగోలేదని తేలితే మళ్లీ వేడెక్కించి తీయాలి, దానికీ రోజులే.

ఈ దారిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఒక సూది మొన మీద జరిగింది. చిప్‌ను ఫ్రిజ్‌లో పెట్టేముందు గది వేడిలోనే జంక్షన్ల నిరోధం కొలుస్తాం. పది కిలోఓమ్‌లకు అటూఇటూగా వచ్చిందంటే చల్లబడ్డాక క్యూబిట్ 5 గిగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుందని అంచనా. డిసెంబరు రోజులు, గాలి పొడిగా ఉంది, నా ఒంటి మీద ఉన్ని స్వెటర్. చిప్ మీద పన్నెండు జంక్షన్లు. మొదటిది 9.6 కిలోఓమ్‌లు. రెండోది 9.9. మూడోదానికి సూది తాకించగానే మీటరు 200 ఓమ్‌లు చూపించింది. పరికరం తప్పేమో అనుకుని నాలుగోది చూశాను, అదీ అంతే. ఐదోది అసలు తెగిపోయింది. అప్పుడు చూసుకున్నాను, మణికట్టుకు కట్టుకోవాల్సిన ఎర్తింగ్ పట్టీ బల్ల మీదే ఉంది. స్వెటర్‌లో పుట్టిన స్థిర విద్యుత్తుకు ఆ ఆక్సైడ్ పొర లెక్కే కాదు. ఆరు వారాల పని నిమిషంన్నరలో పోయింది. ఈ కథ విని నవ్వగలిగినవాళ్లకు అతివాహక క్యూబిట్లు పడతాయి. కడుపులో తిప్పినట్టయినవాళ్లు కింది భాగం శ్రద్ధగా చదవండి.

ఇంత ఓర్పుకు ప్రతిఫలం లేకపోలేదు. ఈ క్యూబిట్ల మీద ఒక్కో గేటు, అంటే లెక్కలో ఒక్కో అడుగు, పదుల నానోసెకన్లలో ముగుస్తుంది. గూగుల్ 2024 డిసెంబరులో చూపిన 105 క్యూబిట్ల విల్లో చిప్‌లో, చాలా క్యూబిట్లను కలిపి తప్పులు సరిదిద్దే అల్లిక పెద్దదయ్యేకొద్దీ తప్పులు తగ్గాయి. ఈ రంగం ఏళ్లుగా ఎదురుచూసిన ఫలితం అది. ఇంకా చేయాల్సిన పని కొండంత ఉంది, అదీ ఎక్కువగా పదార్థాల దగ్గరే. నయోబియం లోహానికి బదులు టాంటలం వాడి ప్రిన్స్‌టన్ బృందం 2021లో క్యూబిట్ ఆయుష్షును (సమాచారాన్ని నిలుపుకోగల కాలాన్ని) 0.3 మిల్లీసెకన్లకు చేర్చింది, 2025లో మిల్లీసెకను దాటించింది. లోహం ఉపరితలం మీద ఏ మలినం శక్తిని తినేస్తోందో వెతికి పట్టుకోగల రసాయన, పదార్థ శాస్త్రవేత్తలకు ఇక్కడ భౌతిక శాస్త్రవేత్తలతో సమానమైన గిరాకీ ఉంది.

అయాన్లు, తటస్థ పరమాణువులు: కట్టడానికి ఏడాది, తర్వాత రోజువారీ తీర్పు

ఇక్కడ క్యూబిట్‌ను మనం తయారుచేయం. ప్రకృతి ఇచ్చిన ఇటెర్బియం, బేరియం, రుబీడియం పరమాణువులు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. నా జంక్షన్ల మాదిరి ఒకటి 9.6, ఇంకొకటి 9.9 అన్న గొడవ లేదు. కష్టమంతా వాటిని పట్టి నిలబెట్టడంలో ఉంది.

అయాన్ యంత్రానికి 10⁻¹¹ మిల్లీబార్ స్థాయి శూన్యం కావాలి. అందుకోసం ఉక్కు ఛాంబర్‌కు హీటింగ్ టేపులు చుట్టి, పైన వంటింటి అల్యూమినియం రేకు హోటల్ పార్సిల్‌లా కప్పి, వారాల తరబడి కాలుస్తారు. గోడల్లో ఇంకిన నీరంతా బయటికి పోవాలి. చివర్లో ఒక గాజు కిటికీ దగ్గర సన్నని లీకు తేలితే మొదటినుంచి మొదలు. ఆ తర్వాత లేజర్ల బల్ల: అద్దాలు, కటకాలు, ఆప్టికల్ ఫైబర్లు వందల్లో. ఇటెర్బియానికి 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కావాలి, ఆ కాంతి ఫైబర్లనూ అద్దాలనూ నెమ్మదిగా పాడుచేస్తుంది. క్వాంటిన్యూమ్ హీలియోస్‌లో బేరియానికి మారడానికి, దానికి కంటికి కనిపించే రంగుల లేజర్లు సరిపోవడం ఒక ముఖ్య కారణం.

కొత్త ల్యాబ్‌లో చేరితే మొదటి ఏడాదీ ఏడాదిన్నరా ఈ కట్టుబడికే పోతుంది. ఒకసారి నిలబడ్డాక మాత్రం పొద్దున పెట్టిన తప్పు మధ్యాహ్నానికి దొరుకుతుంది. అద్దం కాస్త తిప్పుతారు, కెమెరాలో వెలుగు పెరిగిందో తగ్గిందో అప్పుడే కనిపిస్తుంది. గేట్లు నెమ్మది, పదులనుంచి వందల మైక్రోసెకన్లు. ఖచ్చితత్వంలో మాత్రం అయాన్లదే పైచేయి: 2025 అక్టోబరులో అయాన్‌క్యూ సంస్థ రెండు క్యూబిట్ల గేటులో 99.99 శాతం ప్రకటించింది.

తటస్థ పరమాణువుల, అంటే విద్యుదావేశం లేని పరమాణువుల, దారి ఇంకా కొత్తది. ఇప్పుడు అన్నిటికంటే జోరుగా సాగుతున్నదీ అదే. లేజర్ కాంతినే పట్టకారులా వాడి ఒక్కో పరమాణువును పట్టి వరుసల్లో పేరుస్తారు. కాల్‌టెక్ బృందం 2025లో ఇలా 6,100 పరమాణువులను పేర్చింది. ఒకసారి పేర్చడం వేరు, వాటితో లెక్క చేయించడం వేరు, అది మరిచిపోకండి. రుబీడియానికి కావాల్సిన 780 నానోమీటర్ల లేజర్లు సాపేక్షంగా చవక. ఈ నైపుణ్యానికి క్వాంటమ్ కంప్యూటర్ బయట కూడా విలువ ఉంది: 2023 మేలో ఇస్రో పంపిన ఎన్‌వీఎస్-01 నావిగేషన్ ఉపగ్రహంలో దేశీయంగా తయారైన రుబీడియం పరమాణు గడియారం ఉంది. రేపు క్వాంటమ్ కంపెనీల్లో ఉద్యోగాలు సన్నగిల్లినా గడియారాలు, గురుత్వ సెన్సర్లు ఆగవు.

మిగిలిన మూడూ

ఫోటానిక్స్‌లో కాంతి కణాలే క్యూబిట్లు, చిప్ మీరు చేయరు. డిజైన్ గీసి ఫౌండ్రీకి (చిప్‌లు చేసిపెట్టే కర్మాగారానికి) పంపుతారు, నెలల తర్వాత వస్తుంది. సైక్వాంటమ్ వంటి సంస్థ గ్లోబల్‌ఫౌండ్రీస్‌లో చేయించేది అందుకే. లెక్కలు, సిమ్యులేషన్ ఇష్టమై, చేతిపని తక్కువైనా పరవాలేదనుకునేవారికి బాగుంటుంది.

సిలికాన్‌లో బంధించిన ఎలక్ట్రాన్ల స్పిన్‌ను వాడే సిలికాన్ స్పిన్ క్యూబిట్లు సెమీకండక్టర్ పరిశ్రమకు దగ్గరి చుట్టాలు. ఇంటెల్ 2023లో 12 క్యూబిట్ల టనెల్ ఫాల్స్ చిప్ ఇచ్చింది. క్యూబిట్ల లెక్కలో వెనకబడినట్టు కనిపించినా, ఇక్కడ చేసిన పీహెచ్‌డీ చిప్ పరిశ్రమలో ఎక్కడైనా చెల్లుతుంది. డెల్ఫ్ట్, సిడ్నీ నగరాల్లో గట్టి బృందాలున్నాయి.

తప్పులకు సహజంగానే లొంగకూడదని తలపెట్టిన టోపలాజికల్ క్యూబిట్ల మీద నాకు నమ్మకం తక్కువ. 2018లో నేచర్ పత్రికలో వీటి గురించి వచ్చిన ముఖ్య వ్యాసాన్ని 2021లో వెనక్కి తీసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మాయొరానా 1 అనే చిప్‌ను ప్రకటించినప్పుడూ నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేదు. పెద్ద శాస్త్రవేత్త ఇలాంటి పందెం కాయవచ్చు. మొదటి పీహెచ్‌డీని దాని మీద కాయవద్దు.

బీటెక్ ఈసీఈ వాళ్లకు ఒక మాట

మన రెండు రాష్ట్రాల్లో ఈసీఈ చదివినవాళ్లు ఎందరో. క్వాంటమ్ అంటే ఫిజిక్స్ వాళ్లదే అనుకుని వెనక్కి తగ్గుతారు. నిజానికి మా ల్యాబ్‌లలో కరువు మైక్రోవేవ్ తెలిసినవాళ్లకే. ఒక్కో అతివాహక క్యూబిట్‌కు గిగాహెర్ట్జ్ సంకేతాలు తయారుచేయాలి, అంచెలంచెలుగా చల్లటి తీగల్లో బలహీనపరచాలి, తిరిగొచ్చే అతిసన్నని సంకేతాన్ని వేడి వల్ల పుట్టే గోల (నాయిస్) కలవకుండా పెంచాలి, ఎఫ్‌పీజీఏ బోర్డు (కావాల్సినట్టు మలచుకోగల చిప్ ఉన్న బోర్డు) మీద కన్నుమూసి తెరిచేలోగా చదవాలి. ఇదంతా ఈసీఈ పనే. క్వాంటమ్ మెకానిక్స్ ఒక సెమిస్టరు కష్టపడితే వస్తుంది. మైక్రోవేవ్ ఇంజినీర్లు వాడే స్మిత్ చార్టు చూసి ఎక్కడ తేడా ఉందో పసిగట్టే కన్ను రావడానికి ఏళ్లు పడుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌సీలో క్వాంటమ్ టెక్నాలజీ ఎంటెక్ కూడా ఉంది, నేరుగా పీహెచ్‌డీకి ధైర్యం చాలనివారికి అది మంచి మెట్టు.

ఇక్కడా, బయటా?

ఐదేళ్ల క్రితం అడిగితే ఆలోచించకుండా బయటికే అనేవాడిని. ఇప్పుడు ఆలోచించి చెబుతున్నాను. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1,000 భౌతిక క్యూబిట్ల యంత్రాలు లక్ష్యం. కంప్యూటింగ్ హబ్ బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉంది. 2024 ఆగస్టులో పుణెలోని డీఆర్‌డీఓ యువ శాస్త్రవేత్తల ల్యాబ్, ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ కలిసి 6 క్యూబిట్ల అతివాహక ప్రాసెసర్‌ను పరీక్షించాయి. చిప్ టీఐఎఫ్‌ఆర్‌లో తయారైంది, నియంత్రణ పరికరాలను పుణె ల్యాబ్ కూర్చింది. బెంగళూరు సంస్థ క్యూపీఐఏఐ 2025లో 25 క్యూబిట్ల యంత్రాన్ని ప్రకటించింది. గూగుల్ వాటితో పోలిస్తే ఇవి చిన్న సంఖ్యలే. కానీ విద్యార్థికి చిన్న బృందంలో ఒక సుఖం ఉంది: డిజైన్, తయారీ, చల్లబరచడం, కొలవడం నాలుగూ అదే మనిషి చేతుల మీదుగా వెళ్తాయి.

అమరావతి గురించి అందరూ అడుగుతున్నారు. 2025లో ప్రకటించిన ప్రకారం అక్కడికి రావాల్సింది 156 క్యూబిట్ల హెరాన్‌తో ఐబీఎం వారి క్వాంటమ్ కంప్యూటర్ సిస్టమ్ టూ. అది వాడుకునే యంత్రం, మనం తయారుచేసేది కాదు. అల్గారిథమ్‌ల వారికి అది పండగే. హార్డ్‌వేర్ చేయాలనుకునేవారు ఇంటికి దగ్గరని దాన్ని చూసి నిర్ణయం తీసుకోవద్దు. చుట్టూ విడిభాగాల తయారీ, పరీక్షల కేంద్రాలు నిలబడితే అప్పుడు లెక్క మారుతుంది.

డబ్బు సంగతి దాచడం దేనికి? ఇక్కడ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్ దొరికితే 70,000 నుంచి 80,000. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ విద్యార్థి ఉద్యోగి కిందే లెక్క, నాలుగేళ్ల ఒప్పందం, జీతం, సెలవులు. అమెరికాలో కోర్సులతో కలిపి ఐదారేళ్లు, మంచి ల్యాబ్‌లు ఎక్కువ. కానీ వీసా నిబంధనలు ఏటా మారుతున్నాయి. క్వాంటమ్ పరికరాల ఎగుమతులపై 2024 సెప్టెంబరులో అక్కడ కొత్త ఆంక్షలు కూడా వచ్చాయి. ఇక్కడున్న లోటు కూడా చెబుతాను: విరిగిన ఒక్క యాంప్లిఫయర్ దిగుమతికి నెలలు పట్టిన సందర్భాలు నాకు తెలుసు. ఐరోపాలో అదే భాగం పక్క ల్యాబ్‌లో అప్పు దొరుకుతుంది.

దేశం పేరు కన్నా ల్యాబ్‌ను చూడాలి. దరఖాస్తు పెట్టేముందు అక్కడి విద్యార్థినే రెండు ప్రశ్నలు అడగండి. మీరు ఇటీవల వాడిన చిప్‌ను ఎవరు, ఎక్కడ చేశారు? పోయిన ఏడాది 52 వారాల్లో ఎన్ని వారాలు మీ ఫ్రిజ్ చల్లగా ఉంది? అయాన్ ల్యాబైతే ఎన్ని రోజులు అయాన్ నిలబడి ఉందని అడగండి. ముప్పై వారాలు దాటితే నడుస్తున్న ల్యాబ్. పదీ పన్నెండూ అంటే, మీ థీసిస్ బదులు మరమ్మతుల చిట్టా రాస్తారు.

యూనివర్సిటీ, ప్రభుత్వ ల్యాబ్, కంపెనీ

ఈ మూడింటిలో ఏది మేలో 2025 భౌతిక శాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిని చూస్తే తెలుస్తుంది, అంటే ఒక్కటీ శాశ్వతం కాదని తెలుస్తుంది. 1984-85లో బర్క్‌లీలో ఒకే ప్రయోగం బల్ల దగ్గర ముగ్గురూ ఉన్నారు. జాన్ క్లార్క్ ప్రొఫెసరు, మిషెల్ డెవొరె పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధకుడు), జాన్ మార్టినిస్ పీహెచ్‌డీ విద్యార్థి. క్లార్క్ ఉద్యోగ జీవితమంతా బర్క్‌లీలోనే గడిచింది. డెవొరె ఫ్రాన్స్ అణుశక్తి సంస్థకు చెందిన సక్లే ల్యాబ్‌కు వెళ్లి బృందం కట్టి, ఆ తర్వాత యేల్‌కు, చివరికి గూగుల్‌కు చేరారు. మార్టినిస్ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసి, 2004లో శాంటా బార్బరా యూనివర్సిటీలో చేరి, 2014లో బృందంతో సహా గూగుల్‌కు వెళ్లి, 2019లో 53 క్యూబిట్ల సికమోర్ చిప్ ఫలితం వచ్చిన మరుసటి ఏడాదే బయటికొచ్చి, తర్వాత సొంత కంపెనీ పెట్టుకున్నారు.

కంపెనీలో పరికరాలకు లోటుండదు, జీతం బాగుంటుంది, ఫ్రిజ్‌లు వరుసలో నిలబడి ఉంటాయి. బదులుగా మీరు ఒక తీగకో ఒక పూతకో నిపుణులవుతారు, సగం ఫలితాలు బయటికి చెప్పనివ్వరు. పైగా యాజమాన్యం మనసు మారితే అంతే: 2023 నవంబరులో చైనా కంపెనీ అలీబాబా తన క్వాంటమ్ ల్యాబ్‌ను మూసి పరికరాలను చెజియాంగ్ యూనివర్సిటీకి ఇచ్చేసింది, నెలల్లోనే మరో చైనా కంపెనీ బైడూ కూడా అదే బాట పట్టింది. ప్రభుత్వ ల్యాబ్ నెమ్మది, కానీ పదేళ్ల సమస్య మీద పదేళ్లు కూర్చోనిస్తుంది. యూనివర్సిటీలో స్వేచ్ఛ ఎక్కువ, గ్రాంట్ల దరఖాస్తులు అంతకన్నా ఎక్కువ. నా సలహా: మొదటి ఉద్యోగం కంపెనీలో అయితే, పీహెచ్‌డీలో మాత్రం ఒక్కసారైనా పరికరం మొత్తాన్ని మొదటి స్క్రూ నుంచి చివరి గ్రాఫు వరకు మీరే చేసి ఉండండి. తర్వాత ఆ అవకాశం ఎవరూ ఇవ్వరు.

పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ అయ్యేసరికి ముప్పై రెండు దాటుతుంది. అప్పటికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న స్నేహితులు రెండో ఫ్లాటు గురించి మాట్లాడుతుంటారు. ఆ సంగతి ఇంట్లోవాళ్లతో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవడం మంచిది, పెళ్లి సంబంధాలు మొదలయ్యాక కాదు. మా వదినకు ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది, మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

అమ్మాయి మాత్రం నేను చెప్పిన రెండు ప్రశ్నలూ మూడు ల్యాబ్‌లకు పంపింది. ఒకరు తమ వ్యాసాల జాబితా పంపారు. ఒకరు ముప్పై నాలుగు వారాలని రాశారు, అతివాహక ల్యాబే, నేను లోలోపల సంతోషించాను. మూడోవాళ్లు వచ్చి చూసుకోమన్నారు. వెళ్లింది. రాత్రి తొమ్మిదింటికి ఫోటో వచ్చింది: చీకటి గదిలో కెమెరా తెర, దాని మీద వరుసగా ఐదు తెల్లని చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో అయాన్. కింద ఒక ప్రశ్న: "బాబాయ్, పదిహేనేళ్లలో నీ చిప్ ఫ్రిజ్‌లో పనిచేస్తుండగా ఒక్కసారైనా కళ్లతో చూశావా?"

లేదు అని రాసి పంపాను.